ఆరా

టాలిన్‌లో డిసెంబరు.
మధ్యాహ్నం మూడున్నరకే ట్రాములు దీపాలు పెట్టుకుంటాయి.
కోప్లి లైను నడిపే ఉర్వె
డ్యూటీ దిగి, మూడో అంతస్తు ఎక్కి, తాళం తీస్తే
గడప దాకా కొట్టుకొచ్చి ఉంటాయి
బూడిదరంగు ఈకలు.

రొమ్మంతా ఒలిచిన కోడిలా గరుకుగా, ఎర్రగా.
తల మాత్రం చెక్కుచెదరలేదు,
ముక్కుకి అందని చోటు కదా.
తలొక్కటే చూస్తే
నిక్షేపంలాంటి పక్షి అంటారెవరైనా.

పేరు పిపర్. వాళ్ళ మాటలో మిరియం.
పై అంతస్తు హెల్దుర్ పెంచుకున్నాడు,
పియానోలు శ్రుతి చేసే మనిషి.
ఆగస్టులో పోయాడు.
ఫర్నిచరుకి వచ్చినవాళ్ళెవరూ
పద్దెనిమిదేళ్ళ చిలకని అడగలేదు.

మొదట పురుగనుకుంది ఉర్వె.
తర్వాత తిండనుకుంది, గింజలు మార్చింది.
పక్కింటి లైవి బెంగ అని తేల్చేసింది.
ఎవరో చెప్పారని మెడకి అట్ట పట్టీ కట్టింది.
రెండు రోజులు అది తినలేదు,
మూడో రోజు కొమ్మ మీంచి తూలి పడింది.
పట్టీ తీసి చెత్తలో వేసి
వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

పీకినప్పుడల్లా పరుగెత్తేది,
చేతిలో గరిటె ఉన్నా, స్నానం మధ్యలో ఉన్నా.
"ఆరా!" అని అరిచేది.
వద్దు అని.

జనవరిలో డాక్టర్ కారెల్
రక్తం తీశాడు, తూచాడు, ఎక్స్‌రే చూశాడు.
లోపల జబ్బేం లేదన్నాడు.
ఉసూరుమంది ఆమెకి. జబ్బుంటే మందుండేది.

హీటరు పంజరానికి ఎంత దూరం?
రాత్రి దీపం ఎన్నింటికి ఆర్పుతావు?
పగలు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది?
పీకినప్పుడు నువ్వేం చేస్తావు?

చివరిదానికి ఆమె నోరు తెరిచేలోగా
పిపర్ ఒక ఈక లాగి కింద పడేసి
అచ్చం ఉర్వె గొంతుతో
"ఆరా!" అంది.
తల పక్కకి వాల్చి చూసింది,
పిలిచాను కదా, రావేం అన్నట్టు.

మన చెవికి అది వేరేలా వినిపిస్తుంది.
ఆరా తీయడమంటే మనకి
మంచీచెడ్డా అడగడం.
ఆ పక్షికి తెలుగు రాదు.
అయినా అది మన అర్థంలోనే అందని
నాకెందుకో అనుమానం.

పంజరం హీటరు పక్కనుంచి జరిగింది.
గదిలో తడి తువాళ్ళు వేలాడాయి.
పొద్దున్నే గోరువెచ్చని నీటి తుంపర,
రాత్రి పన్నెండు గంటల చీకటి.
చింపుకోడానికి డిపోనుంచి పాత టైంటేబుళ్ళు,
కొరకడానికి విల్లో పుల్లలు,
వెతికి తినమని కాగితంలో చుట్టిన బాదం.
అన్నిటికన్నా కష్టం
పీకుతున్నప్పుడు వీపు తిప్పి నిలబడటం.
కిటికీలోంచి మంచు చూస్తూ అంకెలు లెక్కపెట్టేది,
వెనకాల ఈక ఊడే చిన్న చప్పుడు.
కాగితం చింపితే మాత్రం వచ్చేది,
చింపడం అదో ఘనకార్యమైనట్టు.

ఇంకొకటి.
సాయంత్రం ఆరింటికి పిపర్ ఒకే స్వరం ఈలవేసి
ఆగేది. మళ్ళీ వేసి ఆగేది.
హెల్దుర్ పెట్టె అడుగున
శ్రుతిదండం దొరికాక తెలిసింది.
మోకాలికి కొట్టి బల్లమీద ఆనించింది.
అదే స్వరం.
పిపర్ ఒంటిమీద మిగిలిన ఈకలన్నీ
ఒక్కసారి నిక్కి, మెల్లగా వాలాయి.

మర్నాడు ఏడు పీకింది.
ఉర్వె క్యాలెండరు మీద రాసింది: ఏడు.
తర్వాత నాలుగు. మూడు.
వీధిలో మంచు తోడే యంత్రం మొత్తుకున్న రోజు, పదకొండు.
మళ్ళీ నాలుగు.

ఎడమ రెక్క కింద ఇక రావన్నాడు కారెల్.
వేళ్ళే చచ్చిపోయాయట.
రొమ్ము మీద మాత్రం మార్చిలో
ముళ్ళలా మొలిచాయి, తొడుగుల్లో నెత్తురుతో.
తలమీద కూడా కొత్తవి, దురద.
ఒక రాత్రి పిపర్ ఊచల దగ్గరికి జరిగి
తనకి అందని ఆ చోటే
ఆమె వేలికిందికి వంచింది.
తొడుగులు ఒక్కొక్కటే నలిపింది ఉర్వె,
తెల్లటి పొట్టు రాలింది
ట్రాము యూనిఫాం చేతిమీద.

దులుపుకోకుండానే వెళ్ళి రాసింది.
ఏప్రిల్ రెండు: అయిదు.